పందెపు బాట – కొండ బాట

అభ్యాసం కూసు విద్య అని పెద్దల మాట. ఉర్దూ చదివే మన విద్యార్థులు దీనినే 'మష్ఖ్' అంటారు. తఖ్తీ మీద ఒకే అక్షరాన్ని వందసార్లు దిద్దిన చేతికే ఖుష్‌ఖత్ అలవడుతుందని వారికి వేరే చెప్పనక్కర లేదు. అయితే అభ్యాసం అనగానే మనకు పుస్తకం, కలం, కంఠస్థం చేసిన పద్యం మాత్రమే గుర్తుకు వస్తాయి. గంటకు రెండు వందల కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తే కార్ల పందెంలో కూడా మన విద్యార్థులు నేర్చుకోదగిన అభ్యాసం ఒకటి కలదని, దానికంటె ముఖ్యంగా ప్రభుత్వాలూ సమాజమూ నేర్చుకోదగిన నియమం ఒకటి కలదని మేము భావిస్తున్నాము. తెలుగు పాఠాలు చెప్పుకొనే వారికి కార్ల పందాలతో పని ఏమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. ఆ ఆశ్చర్యం మాకూ కలిగినదే. వ్యాసం పూర్తిగా చదివిన పిమ్మట వారు తీర్పు చెప్పవలసినదిగా కోరుతున్నాము.

2023 ఫిబ్రవరి 11, శనివారం. ఆనాడు మేము స్వస్థలమైన అడ్డతీగలలో ఉన్నాము. మా తండ్రిగారు ముప్పై ఏళ్ళకు పైగా లారీ నడిపి విశ్రాంతి తీసుకొంటున్నవారు. బజారులోని టీ దుకాణం దగ్గర సెల్‌ఫోనుకు సిగ్నలు బాగా అందుతుంది. అక్కడి బల్లమీద ఫోనును గ్లాసుకు ఆనించి పెట్టి, ఆయనా, మేమూ, మన కళాశాలలోనే చదువుతున్న ఇద్దరు కొండరెడ్డి విద్యార్థులూ కూర్చున్నాము. ఆ చిన్న తెరమీద హైదరాబాదు కనిపిస్తున్నది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన హుస్సేన్ సాగర్ గట్టున, మనం ఎన్నోసార్లు బస్సులో వెళ్ళిన దారిలో, ప్రపంచ స్థాయి కార్ల పందెం జరుగుతున్నది. ఆ ఇద్దరిలో చిన్నవాడు కొంతసేపు చూచి, "సార్, ఇది మన దారేనా?" అని అడిగాడు. "అవునయ్యా, మామూలు రోజుల్లో అందరూ నడిచే దారే" అన్నాము. అతడు మరి మాట్లాడలేదు. ఆ ప్రశ్నలోని లోతు మాకు అప్పుడు తెలియలేదు. నాలుగైదు నెలల తరువాత తెలిసినది.

ముందుగా ఆ పందెం స్వరూపాన్ని సంగ్రహంగా మనవి చేస్తాము. దాని పేరు ఫార్ములా ఇ. పెట్రోలు లేకుండా కేవలం విద్యుచ్ఛక్తితో నడిచే కార్లకు 2014లో బీజింగు నగరంలో మొదలైన పోటీ ఇది. తరువాత ప్రపంచ చాంపియన్‌షిప్ హోదా పొందినది. మన దేశంలో అంతకు పూర్వం ఢిల్లీ సమీపాన బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013 సంవత్సరాలలో ఫార్ములా వన్ పందాలు జరిగాయి. మూడింటిలోనూ జర్మనీ దేశీయుడు సెబాస్టియన్ వెటెల్ విజేత. మన దేశంలో ఫార్ములా ఇ జరగడం మాత్రం హైదరాబాదులోనే ప్రథమం. తెలుగు నేలకు ఈ స్థాయి పందెం రావడమూ అదే మొదలు. లుంబినీ పార్కు, ఎన్.టి.ఆర్. గార్డెన్స్ ప్రాంతాలలోని రోడ్లను కలిపి 2.835 కిలోమీటర్ల చుట్టును తయారుచేశారు. అందులో మలుపులు 18. పదకొండు జట్లు, జట్టుకు ఇద్దరు చొప్పున ఇరవై ఇద్దరు చోదకులు. ఆ జట్లలో ఒకటైన మహీంద్రా మన దేశానిది. ఈ పోటీ పుట్టిననాటి నుండి అందులో ఉన్నది.

ప్రజలు చూచేది శనివారం నాటి పందెం. నిజమైన పని శుక్రవారమే ఆరంభమౌతుంది. అభ్యాసానికి ఇచ్చేది అరగంట. ఆ అరగంటలో చోదకుడు పద్దెనిమిది మలుపులనూ కంఠస్థం చేయాలి. గోడలు ఎక్కడ దగ్గరగా ఉన్నాయో, దుమ్ము ఎక్కడ పేరుకొన్నదో, బ్రేకు ఎక్కడ పట్టవలెనో తెలుసుకోవాలి. ఆ సీజనులో అప్పటికే రెండు పందాలు గెలిచిన పాస్కల్ వెర్లైన్ అంతటివాడి కారు శుక్రవారం అభ్యాసంలోనే గోడకు కొట్టుకొన్నది. అతడికి ప్రమాదం తప్పినది. సహచరులు కారును తిరిగి సిద్ధం చేశారు. మరునాడు అతడే నాలుగవ స్థానంలో పందెం ముగించాడు. పరీక్షకు ముందు తప్పు జరిగితే కుమిలిపోయే మన విద్యార్థులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నా చాలును. అభ్యాసం ఉన్నదే తప్పు చేయడానికి. ఆ తప్పును మరునాటికి దిద్దుకోవడానికి.

శనివారం ఉదయం మరొక అరగంట అభ్యాసం. తరువాత అర్హత పోటీ. చోదకులను రెండు గుంపులుగా చేసి, ఒక్కొక్క గుంపులో మొదటి నలుగురిని ఎన్నుకొని, వారిని ఇద్దరిద్దరిగా ఎదురెదురు నిలిపి, చివరికి ఒక్కరిని మిగుల్చుతారు. మన పల్లెలలోని కుస్తీ పోటీలు చూచినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఆనాడు న్యూజీలాండు దేశీయుడు మిచ్ ఎవాన్స్ అగ్రస్థానం గెలుచుకొన్నాడు. కాని మొదట నిలిచినవాడే తుద వరకు నిలుస్తాడన్న నియమం లేదు. పందెం సాగుతుండగా, వెనుదిరిగినంతటి వంపు గల మలుపు దగ్గర అతడి కారును అతడి జట్టువాడే అయిన శామ్ బర్డ్ ఢీకొన్నాడు. ఇద్దరి పందెమూ అక్కడితో ముగిసినది. పరాయివాడు చేసిన నష్టానికంటె స్వజనుల తొందరపాటు చేసే నష్టం ఎక్కువని చెప్పడానికి ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

చివరి చుట్లలో ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ ముందున్నాడు. వెనుక నిక్ కాసిడీ తరుముతున్నాడు. వెర్న్ బ్యాటరీలో మిగిలిన శక్తి తక్కువ. కాసిడీ దగ్గర ఎక్కువ. వెర్న్ వేగంగా పోతే గమ్యం చేరకముందే శక్తి అయిపోతుంది; నెమ్మదిగా పోతే కాసిడీ దాటిపోతాడు. ఈ రెంటి నడుమ తూకం తప్పకుండా నడిపి అర సెకను లోపు తేడాతో అతడే గెలిచాడు. మూడవవాడుగా గీత దాటిన సెబాస్టియన్ బుయెమీ, అనుమతించిన దానికంటె ఎక్కువ శక్తి వాడినందున శిక్షకు గురియై చాలా వెనుకకు పోయాడు. ఆ స్థానం, తన నూరవ పందెం ఆడుతున్న ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్తాకు దక్కినది. మహీంద్రా జట్టులోని ఆలివర్ రోలండ్‌ది ఆరవ స్థానం. గీత ముందు దాటినంత మాత్రాన గెలుపు కాదు, నియమానికి లోబడి దాటినదే గెలుపు అని ఆ పందెం చెప్పినది.

మా తండ్రిగారు ఇంతసేపూ ఊరకే చూస్తున్నారు. ఈ కార్లకు వెనుక చక్రాల దగ్గర మామూలు బ్రేకులు ఉండవనీ, మోటారే వేగాన్ని తగ్గిస్తూ ఆ శక్తిని బ్యాటరీలోకి తిరిగి పంపుతుందనీ, పందెంలో వాడే శక్తిలో నలభై శాతం దాకా ఆ విధంగా తిరిగి రాబట్టుకొన్నదేననీ మేము చెప్పగా ఆయన నవ్వి ఇట్లా అన్నారు: "బేటా, ఘాటు దిగే లారీ డ్రైవరుకు ఇది తెలియదనుకొన్నావా? ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగేవాడు సగం దారిలో బ్రేకు కాలిపోయి లోయలో పడతాడు. ఇంజనే బండిని పట్టుకోవాలి. వీళ్ళు ఆ పట్టును దాచుకొంటున్నారు, మనం గాలికి వదిలేశాము, అంతే తేడా." భౌతికశాస్త్ర పుస్తకంలోని శక్తి నిత్యత్వ సూత్రాన్ని ఇంత సులభంగా వివరించిన ఉపన్యాసకులు అరుదు. మన ఘాట్ రోడ్ల డ్రైవర్ల చేతిలో ఉన్నది చదువు కాదనడం చదువుకొన్నవారి అహంకారం మాత్రమే.

ఇక ఈ పందాల మీద ఉన్న ఆక్షేపణలు. ఇది ధనవంతుల వేడుక అనీ, ప్రజల రోడ్లను మూసివేసి ప్రజలను ఇబ్బంది పెట్టడమనీ, ఆ ధనంతో బడులు కట్టవచ్చుననీ పలువురు అన్నారు. రెండవ సంవత్సరం 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన పందెం, అంతకు నెల ముందే రద్దయినది. తెలంగాణలో ప్రభుత్వం మారిన తరువాత ఒప్పందం నిలిచిపోయినది. పందెం కోసం చేసిన చెల్లింపుల మీద 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు కూడా నమోదు చేసినది. అందులో ఎవరిది తప్పో న్యాయస్థానాలు చెప్పవలసిన విషయం; మేము చెప్పతగినది కాదు. కాని ఒక్క మాట చెప్పగలము. ప్రజాధనం ఖర్చు పెట్టే ఏ వేడుకకైనా లెక్క ఉండాలి, ఆ లెక్క ప్రజల ఎదుట ఉండాలి. అంతమాత్రాన పందెమే పాపమనే వాదంతో మేము ఏకీభవించము. ఈనాడు పందెపు కారులో పరీక్షించిన విద్య రేపు బస్సులోకి, ఆటోలోకి వస్తుంది. యంత్రవిద్య అభ్యసించే మన విద్యార్థులకు అది ఒక ప్రయోగశాల. పందెం వద్దని మేము అనము. పందేనికి ఉన్న ఒక నియమం మన కొండలకు ఎందుకు లేదని మాత్రం అడుగుతాము.

ఆ నియమం పుట్టుక వినదగినది. 1978 సెప్టెంబరు 10న ఇటలీలోని మోంజాలో ఫార్ములా వన్ పందెం ఆరంభమైన కొద్ది క్షణాలకే పలు కార్లు ఢీకొన్నాయి. స్వీడను దేశీయుడు రోనీ పీటర్సన్ కాళ్ళు విరిగాయి. తోటి చోదకులు అతడిని మంటల నుండి లాగారు. అంబులెన్సు అతడిని చేరడానికి సుమారు ఇరవై నిమిషాలు పట్టినది. మరునాడు ఉదయం ఆయన ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ సంవత్సరమే ఆ పందాలకు వైద్యుడుగా చేరిన సిడ్ వాట్కిన్స్ అనే నరాల శస్త్రవైద్యుడు నిర్వాహకుల ముందు గట్టిగా నిలబడ్డాడు. మత్తుమందు వైద్యుడు సిద్ధంగా ఉండాలి, రోగిని తరలించడానికి హెలికాప్టరు ఉండాలి, మొదటి చుట్టులో పందెపు కార్ల వెనుకనే వైద్యుని కారు నడవాలి అని పట్టుబట్టి సాధించాడు. నాటి నుండి నేటి వరకు మొదటి చుట్టులో వైద్యుని కారు వెంట నడుస్తూనే ఉన్నది. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమేన్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మండినప్పుడు ఆ కారు క్షణాలలో అక్కడికి చేరినది. గ్రోజాన్ కాలిన చేతులతో, ప్రాణాలతో బయటపడ్డాడు.

2017 ఏప్రిల్ 7న చైనాలోని షాంఘైలో మరొక సంగతి జరిగినది. దట్టంగా కమ్ముకొన్న పొగమంచు మూలంగా ఆసుపత్రి దగ్గర హెలికాప్టరు దిగడానికి వీలు లేకపోయినది. ప్రపంచంలోకెల్ల ఉత్తములైన చోదకులు, కోట్ల విలువైన కార్లు, టిక్కెట్లు కొన్న జనం, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అయినా మధ్యాహ్నపు అభ్యాసాన్ని పూర్తిగా రద్దు చేశారు. దెబ్బ ఎవరికీ తగలలేదు. తగిలితే ఆసుపత్రికి చేర్చే దారి లేదన్న ఒక్క కారణం చాలినది. ఆసుపత్రికి దారి లేనిచోట పందెం లేదు. ఇది ఆ ఆటలోని ధర్మం.

ఇప్పుడు పాఠకులు మాతో అడ్డతీగలకు రావలెను. ఆకులతో విస్తళ్ళు కుట్టే అడ్డతీగ పేరును మోస్తున్న ఊరు మాది. తూర్పు కనుమలలో ఊరికి రోడ్డు, బస్సు, ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి, కాదనము. కాని రోడ్డు దిగి కొండ ఎక్కితే గూడేలు ఉన్నాయి. వాన కాలంలో వాగు పొంగితే ఆ గూడేలకు దారి ఉండదు. అప్పుడు రెండు చివరల మోయడానికి ఒక వాసం, దానికి కట్టిన దుప్పటి లేక చీర: అదే డోలీ, అదే అంబులెన్సు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ ఎందరి ప్రాణాలనో నిలిపినదనుటలో సందేహం లేదు. ఏజెన్సీ ప్రాంతాలకు మోటారు సైకిలు అంబులెన్సులు కూడా వచ్చాయి. కాని చక్రం ఉన్న ఏ బండికైనా బాట కావాలి కదా!

మన కొండలలో బాటల చరిత్ర కూడా కన్నీటి చరిత్రే. 1922–24 నాటి మన్యం తిరుగుబాటుకు గల కారణాలలో రోడ్డు పని ఒకటి. లంబసింగి వైపు రోడ్డు వేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవారి చేత న్యాయమైన కూలి ఇవ్వక పని చేయించుకొన్నాడు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు వెంట నడిచినది. 1922 అక్టోబరులో ఆ దళం మా అడ్డతీగల పోలీసు స్టేషనుకు కూడా వచ్చినది. ఆనాడు కొండవారి చేత వేయించిన బాట దొరల కొరకు. స్వతంత్ర భారతంలో వేయవలసిన బాట కొండవారి కొరకు. ఈ రెండవది ఇంకా పూర్తి కాలేదు.

టీ దుకాణం దగ్గర మాతో కూర్చొన్న చిన్నవాడిని గురించి చెప్పవలసి ఉన్నది. ఆ సంవత్సరం వానలలో అతడు ఇంటర్నల్ పరీక్షకు రాలేదు. మేము హాజరు పట్టీలో గైర్హాజరు వేశాము. కారణం అడగలేదు. వారం తరువాత రెండు వాక్యాల సెలవు చీటీ పట్టుకొని వచ్చాడు: వదినకు నొప్పులు వచ్చాయి, డోలీ మోశాము. విచారించగా మిగిలినది తెలిసినది. నలుగురు మనుషులు వంతులవారీగా మోసుకొని, పొంగిన వాగు ఒడ్డున గంటల తరబడి నిలిచి, నీరు తగ్గిన పిమ్మట రోడ్డుకు చేరారు. అక్కడ అంబులెన్సు వేచి ఉన్నది. తల్లి బ్రతికినది. బిడ్డ దక్కలేదు. అతడి భుజం మీద వాసం ఒరిపిడికి చర్మం లేచిపోయి ఉన్నది. "ఇది మన దారేనా" అని ఫిబ్రవరిలో అతడు అడిగిన ప్రశ్న అప్పుడు మాకు అర్థమైనది. మేము వేసిన గైర్హాజరును మేమే దిద్దుకొన్నాము. కాని అది దిద్దినంత తేలికగా మనసు దిద్దుకోలేదు.

గూడేనికొక హెలికాప్టరు ఎట్లా వస్తుందని కొందరు నవ్వవచ్చు. మేము హెలికాప్టరు అడగడం లేదు. ఇరవై ఇద్దరు చోదకుల కొరకు పాటించే సూత్రాన్ని గూడేనికి వర్తింపజేయమంటున్నాము. ఆ సూత్రం ధనం కాదు, క్రమం: ముందుగా ఆసుపత్రికి దారి, తరువాతనే తక్కిన వేడుకలు. పందేనికి దారి సిద్ధం చేయాలని తలచినప్పుడు ఒక మహానగరం తన నడిబొడ్డునే మూసి పని సాగించగలిగినది. దారి వేయడం మనకు చేతకాదన్న మాటకు అప్పుడే కాలం చెల్లినది. ఒక్క పీటర్సన్ మరణంతో ప్రపంచమంతటా పందెపు పద్ధతి మారినది. మా వాగు ఒడ్డున పోయిన ప్రాణాలతో మారవలసినది కూడా ఒకటి ఉన్నది.

ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేయాలి. అయితే మన వంతు పని కూడా కలదు. కళాశాల కమిటీవారికి వినయపూర్వకంగా మూడు సూచనలు మనవి చేస్తున్నాము. మొదటిది: ఏజెన్సీ ప్రాంతం నుండి వచ్చే ప్రతి విద్యార్థికీ మొదటి సంవత్సరంలోనే ప్రథమ చికిత్సలో శిక్షణ ఇప్పించాలి. రక్తం ఆపడం, విరిగిన ఎముకకు కర్ర కట్టడం, పాము కరిచినవారిని కదలనీయకుండా తరలించడం తెలిసిన యువకుడు గూడేనికి ఒక్కడున్నా అది చిన్న మేలు కాదు. రెండవది: ఈ సంవత్సరపు జాతీయ సేవా పథకం ప్రత్యేక శిబిరాన్ని అడ్డతీగల ప్రాంతంలోని ఒక గూడెంలో నిర్వహించాలి. ఆ గూడెంవారిని అడిగి, వారు చూపిన కాలిబాటను వానలకు ముందు బాగుచేయాలి. ఏ వాగు ఎన్ని రోజులు దారి మూస్తుందో వ్రాసి పెట్టి సంబంధిత అధికారులకు అందజేయాలి. మూడవది: ప్రాణం కాపాడే పనిలో ఉండి పరీక్షకు రాలేకపోయిన విద్యార్థికి తిరిగి పరీక్ష పెట్టే నిబంధనను కళాశాల వ్రాతపూర్వకంగా ఏర్పరచాలి. అతడు ఉపన్యాసకుని దయ మీద ఆధారపడరాదు. మా అనుభవం మాకు చెప్పినది ఇదే.

ప్రియ విద్యార్థులారా! పందెం చూడండి, ఆనందించండి. శుక్రవారం దెబ్బతిని శనివారం నాలుగవ స్థానం పొందినవాని పట్టుదల నేర్చుకోండి. ఉన్న కొద్ది శక్తితో గీత దాటినవాని నిగ్రహం నేర్చుకోండి. ఆ కార్ల వెనుక నడిచే వైద్యుని కారును కూడా చూడండి. అది గెలవడానికి నడవదు, దానికి బహుమతి లేదు, దానిని చూచి ఎవరూ చప్పట్లు కొట్టరు. అది ఉన్నది గనుకనే తక్కినవారు ధైర్యంగా పరుగెత్తుతున్నారు. మీలో కొందరైనా అటువంటి కారులో కూర్చోగల చదువు చదవాలని మా ఆకాంక్ష.

ఆ చిన్నవాడు మరుసటి పరీక్ష రాసి ఉత్తీర్ణుడయ్యాడు. ఈ వ్యాసం ప్రతిని అచ్చుకు పంపేముందు అతడికి చూపి, అతడి అనుమతి తీసుకొన్నాము. చదివి, ఒక్క సవరణ చెప్పాడు. డోలీ మోసినది నలుగురు కాదట, ఆరుగురట, ఇద్దరు ఆడవారట. సవరించి వ్రాయమన్నాడు. పైన వ్రాసినది అట్లే ఉంచి, సవరణను ఇక్కడ వ్రాస్తున్నాము. మోసినవారి లెక్క కూడా మనకు సరిగా తెలియదన్న సంగతి పాఠకులకు తెలియడం మంచిది.